స్టెప్పర్ మోటారు మొరాయించినప్పుడు: తీగెలను, కరెంటును పరీక్షించు క్రమము

మన నేత కుటుంబములలో చదువుకొన్న పిల్లలు ఇటీవల ఒక మంచి పనికి పూనుకొన్నారు. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి వైపునుండి బెంగుళూరు పోయి వచ్చునప్పుడు ఎస్.పి. రోడ్డు అంగళ్లలో చిన్న మోటార్లు, ఎలక్ట్రానిక్ బోర్డులు కొని తెచ్చి, కండెలు చుట్టుటకు, వార్పు చుట్లు లెక్కించుటకు ఇంటిలోనే యంత్రములు అమర్చుకొనుచున్నారు. నేత ఇంటి బిడ్డ యంత్రము చేయగలడనుటకు మనకు పెద్ద ఉదాహరణమే కలదు. తెలంగాణములోని ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశం గారు తమ తల్లి లక్ష్మి గారు ఆసు పోయుచు పడిన భుజముల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రము సిద్ధము చేసిరి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటునిటు ఆడింపవలసిన పని ఆ యంత్రముతో తప్పినది. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

అయితే ఇంటిలో చేసికొన్న యంత్రము ఒక్కొక్కనాడు మొరాయించును. అప్పుడు మనవారు చేయు మొదటి పని మోటారు చెడినదని తలచి కొత్తది కొనుట. అదియు తిరగనిచో డ్రైవరు బోర్డు మార్చుట. అదియు కాలినచో యంత్రమును మూలకు నెట్టుట. సంఘమునకు తెచ్చి చూపినవాటిలో మేము చూచినంతవరకు మోటారు నిజముగా చెడినది అరుదు. దోషము తీగెలలోనో, కరెంటు అందు తీరులోనో ఉండును. కావున ఈ పాఠములో ఒకే మాట చెప్పదలచితిమి: మోటారును నిందించుటకు ముందు తీగెలను చూడవలెను, తీగెల తరువాత కరెంటును చూడవలెను. ఈ క్రమము తెలిసినవారు అనవసరముగా రూపాయి ఖర్చు పెట్టరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పాఠము కండెలు, వార్పు, ఆసు మొదలైన ముందు పనుల యంత్రములకే. మగ్గమును మోటారుతో నడుపుట వేరు సంగతి. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము పవర్‌లూము కాని మగ్గమునే చేనేత మగ్గమనుచున్నది. మగ్గము నడకకే విద్యుత్తు తగిలింపదలచినవారు ముందుగా తమ సంఘముతో మాట్లాడుకొనుట మేలు.

ఈ మోటారు స్వభావము

స్టెప్పు అనగా అడుగు. ఫ్యాను మోటారు కరెంటు ఇచ్చినంతసేపు తిరుగుచునే యుండును. స్టెప్పర్ మోటారు అట్లు కాదు. అది ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క అడుగు వేసి నిలుచును. మనవారు ఎక్కువగా వాడు నెమా 17 అను రకములో ముఖము సుమారు 42 మిల్లీమీటర్ల చదరము. సాధారణముగా అది 200 అడుగులకు ఒక చుట్టు తిరుగును. అనగా అడుగునకు 1.8 డిగ్రీలు. పోగును అటునిటు నడుపు భాగమునకు, వార్పు చక్రమును లెక్కగా ఆపుటకు ఇది బాగుగా పనికివచ్చుటకు కారణమిదే.

ఈ మోటారుకు ఒక లోపము కూడ కలదు. అడుగు వేయుమని ఆజ్ఞ ఇచ్చు బోర్డునకు ఆ అడుగు నిజముగా పడినదో లేదో తెలియదు. బలము చాలక మోటారు అడుగు తప్పినను బోర్డు తన లెక్క తాను వ్రాసికొనుచు పోవును. కూలికి లెక్క వ్రాయు గుమాస్తా గదిలో కూర్చుండి, బయట పని జరుగుచున్నదో లేదో చూడకుండ చిట్టా నింపినట్లే.

మన పనిలో నష్టమంతయు ఇక్కడనే పుట్టును. ఈ మోటారు అడుగు తప్పినప్పుడు సాధారణముగా ఒక్కటి కాక నాలుగడుగులు ఒక్కుమ్మడి తప్పును. చుట్టునకు 8 మిల్లీమీటర్లు జరుగు మరలు గల కడ్డీకి ఈ మోటారు తగిలించితిమనుకొనుడు. నాలుగడుగులు తప్పిన 0.16 మిల్లీమీటరు తేడా వచ్చును. అది కంటికి ఆనదు. నూరు పర్యాయములు తప్పిన 16 మిల్లీమీటర్లు, అనగా ఒకటిన్నర సెంటీమీటరునకు పైగా తేడా. కండెయందు పోగు ఒక ప్రక్కకు గుట్టపడి, నేయునప్పుడు జారి తెగును. ఆసులో లెక్క తప్పినచో రంగు వేసిన తరువాతగాని, మగ్గమెక్కిన తరువాతగాని తెలియదు. అప్పటికి పట్టు ఖర్చయినది, రంగు ఖర్చయినది, రోజులు గడచినవి. పూర్తిగా ఆగిపోయిన యంత్రము మనలను మోసగింపదు. తిరుగుచునే అడుగులు తప్పు యంత్రము మోసగించును.

చేయి పెట్టుటకు ముందు మూడు నియమములు

మొదటిది. కరెంటు ఉండగా మోటారు తీగెను ఊడదీయరాదు, తగిలింపరాదు. ప్రవహించు కరెంటును ఒక్కసారిగా తెంచినచో మోటారు చుట్టలలో పుట్టు ఎదురుపోటు డ్రైవరును క్షణములో కాల్చివేయును. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, దీపము ఆరిన తరువాతనే తీగెలు ముట్టవలెను.

రెండవది. గోడనుండి వచ్చు 230 వోల్టుల వైపు తెలియనివారు చేయి పెట్టరాదు. ఆ పని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుకే వదలవలెను. కరెంటు పెట్టె ఆపిన తరువాత కూడ లోపలి కెపాసిటర్లలో పోటు కొంతసేపు నిలిచియుండును. కావున మూత తెరువరాదు.

మూడవది. యంత్రము ఇనుప చట్రమును, కరెంటు పెట్టె లోహపు పైకప్పును ఎర్తునకు కలుపవలెను. మన ఇండ్లలో గంజి తడి, రంగు తడి ఎప్పుడును ఉండును. కండెలు చుట్టు పని ఎక్కువగా ఆడవారిది. ఆడుకొనుచు పిల్లలు కూడ దగ్గరకు వత్తురు. మూడు కాళ్ల ప్లగ్గులో లావు కాలు ఎర్తుదే. దానిని విరిచి రెండు కాళ్లతో వాడుట ప్రాణాపాయము. ఎర్తుతోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి కూడ వేయించుకొన్న ఇంటివారు నిశ్చింతగా నుండవచ్చును.

మొదటి పరీక్ష: తీగెల జతలు

నాలుగు తీగెల మోటారులో రెండు చుట్టలుండును. ఒక్కొక్క చుట్టకు రెండు కొనలు. ఒక చుట్ట కొనలు రెండును డ్రైవరులో ఒకే జత రంధ్రములకు పోవలెను. ఒక చుట్ట కొన ఒకటి, రెండవ చుట్ట కొన ఒకటి కలిసినచో మోటారు గిరగిర తిరుగుటకు బదులు ఉన్నచోటనే వణకి గుర్రుమనును. అచ్చు అతుకునప్పుడు ఒక పోగు ప్రక్క పోగుతో మారినచో ఏమగునో మనకు తెలియును గదా. ఇదియు అటువంటిదే.

తీగె రంగులను నమ్మరాదు. ఒక తయారీదారు ఎరుపు, నీలములను జతగా పెట్టిన, ఇంకొకరు ఎరుపు, ఆకుపచ్చలను పెట్టుదురు. మల్టీమీటరును ఓముల వైపు త్రిప్పి, మోటారును డ్రైవరునుండి విడదీసి, రెండేసి తీగెలు కొలువవలెను. ఒకే చుట్టకు చెందినవైనచో కొద్ది ఓములు చూపును. వేరు చుట్టలవైనచో ఏమియు చూపదు. రెండు జతలును సుమారుగా ఒకే కొలత చూపవలెను. ఒక జత ఏమియు చూపనిచో ఆ చుట్టగాని, దాని తీగెగాని తెగినదని అర్థము.

మీటరు లేనివారికి ఒక సులువు కలదు. విడదీసిన మోటారు ఇరుసును వ్రేళ్లతో త్రిప్పి చూడుడు. తరువాత ఏవైనా రెండు తీగెల కొనలు ఒకదానికొకటి తాకించి మరల త్రిప్పుడు. ఇరుసు బిగిసినట్లు తోచినచో ఆ రెండును ఒక జత. బిగువు మారనిచో కాదు.

ఆరు తీగెల మోటారులో ప్రతి చుట్టకు నడుమనుండి ఒక తీగె వచ్చును. కొననుండి కొనకు ఉన్న ఓములలో సగము మాత్రమే నడిమి తీగెకు చూపును. నాలుగు తీగెల డ్రైవరునకు కలుపునప్పుడు కొనలనే కలిపి, నడిమి తీగెలను దేనికిని తగలకుండ విడివిడిగా టేపు చుట్టి వదలవలెను.

అయిదు తీగెల చిన్న మోటారు, 28 బి.వై.జె. 48 అనునది, 5 వోల్టులతో నడచును. దానిని నేర్చుకొనువారు ఎక్కువగా వాడుదురు. తీగెలు సరిగా ఉన్నను అది వణకుచున్నచో కార్యక్రమములో కాళ్ల వరుస చూడవలెను. ఆర్డునోతో వచ్చు స్టెప్పర్ కార్యక్రమమునకు ఒకటి, మూడు, రెండు, నాలుగు అను వరుస ఇచ్చిననే అది సరిగా తిరుగును.

ఒక చుట్ట కొనలు రెండును తారుమారైనచో భయము లేదు. మోటారు ఎదురు దిక్కుకు తిరుగును, అంతే. స్విచ్చి ఆపి ఆ రెండు కొనలను మార్చిన చాలును.

రెండవ పరీక్ష: మోటారు చీటీపై వ్రాసిన వోల్టులు

ఇది అనేకులను తికమక పెట్టు సంగతి. మోటారుపై 2.8 వోల్టులు, 1.68 ఆంపియర్లు అని వ్రాసియుండును. చేతిలో 12 వోల్టుల కరెంటు పెట్టె ఉండును. ఇవ్వవచ్చునా, కూడదా?

జవాబు డ్రైవరును బట్టి ఉండును. ఎ 4988, డి.ఆర్.వి. 8825 వంటి డ్రైవర్లు చుట్టలో పోవు ఆంపియర్లను తామే హద్దులో నిలుపును. వీటితో 12 వోల్టులు, 24 వోల్టులు కూడ ఇవ్వవచ్చును. వోల్టులు ఎక్కువైనచో చుట్టలో కరెంటు త్వరగా నిండి మోటారు వేగమందును బలము నిలుపుకొనును. ఎ 4988 డ్రైవరు మోటారు వైపు 8 మొదలు 35 వోల్టుల వరకు పుచ్చుకొనును. అయిదు వోల్టులు ఇచ్చి తిరుగలేదని విచారించుటలో అర్థము లేదు.

ఎల్ 298 వంటి పాత బోర్డు కరెంటును హద్దులో నిలుపదు. పైన చెప్పిన మోటారు చుట్ట సుమారు 1.67 ఓములు. దానికి ఎల్ 298 ద్వారా 12 వోల్టులు ఇచ్చినచో 12ను 1.67తో భాగింప సుమారు 7 ఆంపియర్లు పోవ ప్రయత్నించును. బోర్డు గాని, మోటారు గాని, కరెంటు పెట్టె గాని కాలును. అట్టి మోటారును అట్టి బోర్డునకు తగిలింపరాదు.

మూడవ పరీక్ష: డ్రైవరు బిగువు

డ్రైవరు బోర్డుపై చిన్న మరచుట్టు ఒకటి ఉండును. చుట్టలోనికి ఎన్ని ఆంపియర్లు పోవలెనో దానితో నిర్ణయింతురు. మన పడుగు బిగువు వంటిదే ఇది. వదులైనచో పని కుదరదు. మోటారు బలము చాలక అడుగులు తప్పును. అతిగా బిగించినచో పోగు తెగును. మోటారు, డ్రైవరు వేడెక్కును.

బిగువు కొలుచుటకు మోటారును విడదీసి బోర్డునకు కరెంటు ఇచ్చి, ఆ మరకును గ్రౌండునకును నడుమ వోల్టులు కొలువవలెను. ఎ 4988 బోర్డుపై ఆర్ 100 అని వ్రాసిన చిన్న నిరోధకములున్నచో 0.8 వోల్టు చూపినప్పుడు ఒక ఆంపియరు. ఆర్ 050 అని ఉన్నచో 0.4 వోల్టునకే ఒక ఆంపియరు. ఆర్ 100 గల డి.ఆర్.వి. 8825 బోర్డునకు 0.5 వోల్టు చాలును. చూడుడు, మూడు బోర్డులకు మూడు కొలతలు. పొరుగింటివారు పెట్టిన కొలత మనము పెట్టినచో రెట్టింపు కరెంటు పోవచ్చును. బోర్డుపై అక్షరములు చదివిన తరువాతనే మర త్రిప్పవలెను. త్రిప్పునప్పుడు స్క్రూడ్రైవరు జారి ప్రక్క కాళ్లను తాకకుండ చూడవలెను.

మోటారు చీటీపై ఉన్న ఆంపియర్లలో ఏడెనిమిది పాళ్లతో, అనగా పదింటికి ఏడు లేక ఎనిమిదితో మొదలుపెట్టి, అడుగులు తప్పినచో కొంచెము పెంచవలెను. ఎ 4988 బోర్డు వేడి లాగు అల్యూమినియపు రెక్కలు లేకుండ ఆంపియరునకు మించి మోయలేదు. కొద్ది నిమిషములు నడచి ఆగి, చల్లబడిన తరువాత మరల నడచుచున్నచో డ్రైవరు వేడికి తానే ఆగుచున్నదని గ్రహించి, రెక్కలు అతికించి గాలి తగులనీయవలెను.

ఇంకొక చిన్న సంగతి. ఎ 4988 బోర్డుపై రీసెట్, స్లీప్ అను రెండు కాళ్లు ప్రక్కప్రక్కన ఉండును. రీసెట్ కాలును ఉత్తగా వదలరాదు. ఆ రెండింటిని ఒక తునక తీగెతో కలుపవలెను. ఇది మరచి మోటారు చచ్చినదని విసర్జించినవారు ఉన్నారు.

ఆగియున్నప్పుడును ఈ మోటారు కరెంటు పుచ్చుకొని పట్టు నిలుపుకొనును. కావున ఆగిన మోటారు వేడిగా ఉన్నదని కంగారు పడనక్కరలేదు. చేయి ఆనలేనంత వేడి అయినచో మాత్రము బిగువు తగ్గింపవలెను. పట్టు కండెలను మోటారునకు ఆనించి పెట్టరాదు.

నాలుగవ పరీక్ష: త్రోవలో పోవు వోల్టులు

ఈ సంగతికి మన ప్రాంతపు చరిత్రలోనే పాఠము కలదు. 1902లో కావేరిపై శివనసముద్రము వద్ద పుట్టించిన కరెంటును సుమారు 147 కిలోమీటర్ల దూరమున ఉన్న కోలారు బంగారు గనులకు కొనిపోయిరి. మన చిక్కబళ్ళాపుర జిల్లా 2007లో విడిపోవువరకు కోలారు జిల్లాలోనిదే. అంత దూరము పంపుటకు వోల్టులు బాగుగా హెచ్చించి పంపిరి. ఏలన, తీగెలో పోవు ఆంపియర్లు ఎక్కువైన కొలది త్రోవలో నష్టము ఎక్కువ. వోల్టులు హెచ్చినచో అదే శక్తికి ఆంపియర్లు తగ్గును, నష్టము తగ్గును.

మన ఇంటిలో 147 కిలోమీటర్లు లేవు గాని, సన్నని తీగెలున్నవి. లెక్క వేయుదము. కరెంటు పెట్టె ఒక గదిలోను, యంత్రము 10 మీటర్ల దూరమునను ఉన్నవనుకొందము. పోయి రావలెను గనుక తీగె పొడవు 20 మీటర్లు. రాగి తీగె మందము 0.2 చదరపు మిల్లీమీటరైనచో మొత్తము నిరోధము సుమారు 1.7 ఓములు. రెండు ఆంపియర్లు పోయినచో 3.4 వోల్టులు త్రోవలోనే పోవును. పెట్టె వద్ద 12 ఉన్నను డ్రైవరు వద్దకు చేరునది 8.6 మాత్రమే. అదే ఒక చదరపు మిల్లీమీటరు తీగె వేసినచో పోవునది 0.7 వోల్టు మాత్రమే.

కావున వోల్టులు కొలుచుటకు ఒక పద్ధతి కలదు. మోటారు ఆగియున్నప్పుడు కాక, బరువు లాగుచు తిరుగుచున్నప్పుడు కొలువవలెను. కరెంటు పెట్టె వద్ద ఒకసారి, డ్రైవరు కాళ్ల వద్ద ఒకసారి. రెండు చోట్లను తక్కువగా ఉన్నచో పెట్టెకు శక్తి చాలదు. పెట్టె వద్ద సరిగా ఉండి డ్రైవరు వద్ద తగ్గినచో దోషము తీగెది, లేక వదులైన అతుకుది. పెట్టెను యంత్రమునకు దగ్గరగా జరుపుట, లావు తీగె వేయుట, మరలు బిగించుట, ఈ మూడే మందులు.

లోహపు పెట్టె గల కరెంటు సప్లయిలకు ప్రక్కన 115, 230 అని రెండు గుర్తుల చిన్న మీట కొన్నింటికి ఉండును. మన దేశమునకు అది 230 వైపే ఉండవలెను. కొత్తది తెచ్చిన వెంటనే చూచి తగిలింపవలెను. కరెంటు పోవునప్పటికై బ్యాటరీతో నడుపువారు, 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.7 చూపి, వాడిన కొలది దిగునని జ్ఞాపకముంచుకొనవలెను. ఉదయము బాగుగా నడచి సాయంకాలము అడుగులు తప్పు యంత్రమునకు ఇదే కారణము కావచ్చును.

అయిదవ పరీక్ష: ఉమ్మడి నెగటివు, కెపాసిటరు

ఆజ్ఞలిచ్చు బోర్డు, ఆర్డునో గాని మరియొకటి గాని, ఒక కరెంటుతోను, మోటారు ఇంకొక కరెంటుతోను నడచుచున్నచో రెండింటి నెగటివులను డ్రైవరు వద్ద కలుపవలెను. అది కలియనిచో ఆజ్ఞ సరిగా చేరదు. మోటారు ఒకప్పుడు తిరుగును, ఒకప్పుడు తిరుగదు, చేయి తగిలినచో పరుగెత్తును. పాజిటివులను మాత్రము కలుపరాదు.

మోటారును ఆజ్ఞల బోర్డు అయిదు వోల్టుల కాలినుండి నడుపరాదు. ఆ కాలు దీపములకు, చిన్న మీటలకు మాత్రమే. మోటారు కదలిన వెంటనే బోర్డు ఆరి మరల వెలుగుచున్నచో కరెంటు కుంగుచున్నదని తెలిసికొనవలెను.

డ్రైవరు మోటారు కరెంటు కాళ్ల దగ్గరనే 100 మైక్రోఫారడుల కెపాసిటరు ఒకటి పెట్టవలెను. అది ఇంటి ముందటి నీళ్ల తొట్టి వంటిది. ఒక్కసారిగా కావలసిన కరెంటును ఇచ్చును, ఒక్కసారిగా వచ్చు పోటును మ్రింగును. దాని వోల్టుల హద్దు మనము వాడు వోల్టులకు బాగుగా మించియుండవలెను. 12 వోల్టులకు 35 వోల్టులది వాడుట క్షేమము. దానికి నెగటివు గుర్తు ఉండును. తిరుగబెట్టినచో ప్రేలును.

కదలు తీగెలు

పోగును అటునిటు నడుపు భాగముతోపాటు కదలు తీగెలు కొన్ని మాసములకు పైతొడుగు లోపలనే తెగును. పైకి ఏమియు కానరాదు. ఒక మూలకు వచ్చినప్పుడు మాత్రము మోటారు వణకును. కరెంటు ఆపి, మీటరును ఆ జతకు పట్టించి, తీగెను వంచుచు చూచినచో ఓములు ఎగిరి పడును. ఇట్టి చోట ఒంటి లావు తీగె వాడరాదు. సన్నని పోచలు కలిపిన మెత్తని తీగె వేసి, విశాలముగా వంపు వదలి, రెండు కొనలను కట్టి ఉంచవలెను. పట్టు నూగు, దూది నూగు అతుకులలో చేరకుండ వారమునకొకసారి బ్రష్షుతో దులుపవలెను.

చివరి పరీక్ష: సుద్ద గీత

తీగెలు, కరెంటు సరిచేసిన తరువాత అడుగులు తప్పుట నిలిచినదో లేదో తెలియవలెను. చక్రముపైనను, చట్రముపైనను ఎదురెదురుగా సుద్దతో ఒక గీత గీయుడు. పోగు ఎక్కించి, మామూలు వేగముతో, 100 చుట్లు ముందుకు, 100 చుట్లు వెనుకకు త్రిప్పించుడు. ఇది 20,000 అడుగులు పోయి, 20,000 అడుగులు వచ్చుట. గీతలు మరల ఎదురెదురుగా నిలిచినచో యంత్రము నమ్మదగినది. తప్పినచో పోగు తీసి మరల పరీక్షించుడు. పోగు లేకుండ సరిగా వచ్చినచో బరువు ఎక్కువ, లేక వేగము ఎక్కువ. ఈ మోటారు వేగము పెరిగిన కొలది బలము తగ్గును. మొదటనే పరుగు పెట్టించక, మెల్లగా ఎత్తుకొని వేగము పెంచునట్లు కార్యక్రమము మార్చవలెను.

పోగు లేకుండను తప్పుచున్నచో మరల మొదటి పరీక్షనుండి రావలెను. అప్పటికిని దోషము దొరకనిచో, అప్పుడు మాత్రమే డ్రైవరును, దాని తరువాత మోటారును మార్చి చూడవలెను. మార్చునప్పుడు ఒక్కసారి ఒక్కటే మార్చవలెను. రెండు కలిపి మార్చినచో దోషము ఎక్కడిదో ఎన్నటికిని తెలియదు.

ఖరీదైన పట్టు ఎక్కించుటకు ముందు ప్రతి ఉదయము ఈ సుద్ద గీత పరీక్ష ఒకటి చేసినచో చాలును. కొద్ది నిమిషముల పనితో ఒక వార్పు నష్టము తప్పును.

చదువరులు చేయవలసిన అభ్యాసము

1. మీ ఇంటి మోటారు తీగెల జతలను కొలిచి, రంగులతో సహా ఒక చీటీపై వ్రాసి యంత్రమునకు అంటించుడు.

2. మీ డ్రైవరు బోర్డుపై నిరోధకము అక్షరములు చదివి, ఒక ఆంపియరునకు ఎన్ని వోల్టులు పెట్టవలెనో లెక్క కట్టుడు.

3. కరెంటు పెట్టెనుండి డ్రైవరు వరకు దూరము 6 మీటర్లు, తీగె 0.2 చదరపు మిల్లీమీటరు, కరెంటు 2 ఆంపియర్లు అయినచో త్రోవలో ఎన్ని వోల్టులు పోవును? పోవుటయు వచ్చుటయు లెక్కింప మరువకుడు. జవాబు సుమారు 2 వోల్టులు రావలెను.

4. ఇంటిలో ప్రతి ప్లగ్గునకు మూడవ కాలు ఉన్నదా, దానికి ఎర్తు నిజముగా కలదా అని ఎలక్ట్రీషియనుతో చూపించుడు. మిగిలిన మూడును చేయుటకు ముందు ఇది చేయుడు.

మోటారు, డ్రైవరు మార్చిన తేదీలు, కొలతలు ఒక పుస్తకములో వ్రాసి ఉంచుకొన్నవారికి రెండవసారి దోషము వచ్చినప్పుడు సగము పని ముందే అయియుండును. ఒక ఇంటివారు కనుగొన్న దోషమును ప్రక్క ఇంటివారికి చెప్పినచో వారికి ఒక బోర్డు వెల మిగులును. ఆ పుస్తకములు సంఘమునకు తెచ్చి చూపుడు; పది ఇండ్ల కొలతలు ఒకచోట చేర్చి అందరికిని అందునట్లు చేయుదుము.